పాలు కాని పాలు: గింజల పాల చరిత్రము



మహాభారతము ఆదిపర్వమునందలి యొక చిన్న కథతో నేటి ప్రసంగము నారంభించెదను. మీరందరును వినినదే. ద్రోణాచార్యులు దారిద్ర్యముతో కాలము గడపుచున్న దినములలో, ఆయన కుమారుడగు అశ్వత్థామ కలవారి పిల్లలు పాలు త్రాగుచుండగా చూచి తనకును పాలు కావలెనని యేడ్చెను. తండ్రి పాడియావు కొరకు ఊరూర తిరిగెను గాని అది లభింపలేదు. తోడి పిల్లలు పిండి కలిపిన నీరు తెచ్చి యివే పాలని చెప్పి త్రాగించిరి. ఆ పసివాడు పాలు త్రాగితినని సంతోషముతో గంతులు వేసెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆ నవ్వు ద్రోణుని గుండెలో ములుకువలె నాటుకొనెను. ఆయన ద్రుపదుని కొలువునకు పోవుటయు, అచట నవమానము పొందుటయు, అందుండి పుట్టిన వైరమును మీరెరిగినవే.

ఆ గిన్నెలోనిది తెల్లగానే యుండెను. అయినను అది పాలు కాదు. తెల్లనివన్నియు పాలు, నల్లనివన్నియు నీళ్లు అనుకొనువాడు అమాయకుడని మన సామెత. నేడు బజారులో బాదముపాలు, సోయాపాలు, జీడిపప్పుపాలు, కొబ్బరిపాలు అని పేరులు వ్రాసిన పెట్టెలు అమ్ముచున్నారు. పట్టణమునుండి సెలవులకు వచ్చిన మనుమలు వీనిని త్రాగుచు, “తాతా, ఇవి గేదెపాలకంటె మంచివట” అని చెప్పుచున్నారు. ఇంటి పెద్దలు ఔనని తలయూపవలయునా, కాదని త్రోసిపుచ్చవలయునా? ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలో నున్నది. గింజల పాలు నిన్నమొన్న పుట్టినవి కావు. వానిని మానవుడు అనేక శతాబ్దములుగా త్రాగుచున్నాడు. ఎవరు త్రాగిరి, ఎందుకు త్రాగిరి, త్రాగినవారికి ఏమయ్యెను అని విచారించినచో మనకు దారి కనబడును.

మొదట ఈ పాలు ఎట్లు పుట్టునో చూతము. మన వంటయింటి ఆడువారికి ఇది క్రొత్త విద్య కాదు. కొబ్బరి తురిమి, రుబ్బి, గుడ్డలో వేసి పిండినచో పాలు వచ్చును. గసగసాలు నానబెట్టి మెత్తగా నూరి నీరు కలిపినను పాలు వచ్చును. గింజలో నూనె యున్నది, మాంసకృత్తులున్నవి. నీటితో చేర్చి నూరినప్పుడు ఆ నూనె కంటికి కనబడనంత చిన్న బిందువులై నీటిలో చెదరిపోవును. మాంసకృత్తులు ఆ బిందువులను తిరిగి కలిసిపోనీయక పట్టియుంచును. వెలుతురు ఆ బిందువులపై బడి నలువైపుల చెదరుటచే ద్రవము తెల్లగా కనబడును. ఆవుపాలు తెల్లగా నుండుటకును కారణము ముఖ్యముగా నిట్టిదే. కాబట్టి రంగునందు బంధుత్వము నిజమే. గుణమునందు బంధుత్వమున్నదా లేదా యనునదే విచారింపవలసినది.

ఈ పాలను పెద్ద యెత్తున వాడినవారిలో మధ్యయుగమునాటి ఐరోపావారు ముఖ్యులు. క్రైస్తవ సంప్రదాయమునందు ఈస్టరు పండుగకు ముందు నలువది దినముల ఉపవాసదీక్ష గలదు. ఆ దినములలో మాంసముతోపాటు పాలు, వెన్న, గ్రుడ్లు కూడ ఆ కాలమున నిషిద్ధములుగా నుండెను. అప్పుడు ధనవంతుల వంటశాలలలో బాదముపాలు పాల స్థానము నాక్రమించినవి. ఇంగ్లాండు రాజగు రెండవ రిచర్డు వంటవారు సుమారు 1390వ సంవత్సరమున కూర్చిన పాకశాస్త్ర గ్రంథమునందు బాదముపాలు పెక్కు వంటకములలో కనబడును. 1226లో బాగ్దాదునందు వ్రాయబడిన అరబ్బీ పాకగ్రంథమునందును బాదముపాల ప్రసక్తి కలదు. దీనికి మరియొక కారణమును గలదు. శీతలయంత్రములు లేని ఆ దినములలో పాలు పూటలో విరిగిపోవును. బాదములు నెలల తరబడి నిలువయుండును. కావలసినప్పుడు నూరుకొన్నచో అప్పటికప్పుడు పాలు సిద్ధము.

ఒక్క విషయము గమనింపుడు. ఆ బాదముపాలు త్రాగినవారు ఎదిగిన మనుష్యులు, కలిగినవారు. వారికి రొట్టె యున్నది, చేప యున్నది, పప్పుదినుసులున్నవి. బాదముపాలు వారికి దీక్షకాలపు రుచియే గాని ప్రాణాధారము కాదు.

ఇక చీనాదేశమునకు పోదము. అచట సోయా చిక్కుడు గింజలను నానబెట్టి రుబ్బి, వడకట్టి, కాచి పాలు తీయుదురు. ఆ పాలను విరుగగొట్టి జున్నువంటి గడ్డ చేయుదురు. హువాయినాను ప్రభువగు లియూ ఆన్ అనునాయన క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమున దీనిని కనిపెట్టెనని వారిలో ప్రతీతి. ఆ ప్రతీతి యెట్లున్నను, పశువులపాడి తక్కువగా నున్న ఆ దేశమున కోట్లకొలది జనులకు ఈ గింజయే మాంసకృత్తుల నిచ్చి పోషించినది. ఇందొక మర్మము గలదు. పచ్చి సోయా గింజలో మన కడుపులోని జీర్ణరసము నడ్డగించు పదార్థ మున్నది. 1917లో అమెరికా శాస్త్రజ్ఞులగు ఆస్బర్ను, మెండెలు అనువారు ఎలుకలకు పచ్చి సోయాపిండి పెట్టగా అవి సరిగా ఎదుగలేదు. ఉడికించి పెట్టగా చక్కగా నెదిగినవి. చీనావారు ఎలుకలను పరీక్షింపకయే శతాబ్దములుగా ఆ పాలను కాచి త్రాగుచున్నారు. అనుభవము ముందు, శాస్త్రము వెనుక నడచిన సందర్భములలో నిది యొకటి.

1909లో అమెరికాలోని బాల్టిమోరు నగరమునందు రూరా అను శిశువైద్యుడు ఆవుపాలు పడని పసిపిల్లలకు సోయాపిండితో ఆహారము చేసి చూచెను. 1940లో హాంకాంగు నగరమున లో క్వీ సియాంగు అను వర్తకుడు, యుద్ధమువలన కాందిశీకులై వచ్చి తిండిలేక కృశించిన చీనా జనుల దుస్థితి చూచి, పేదలకందునట్టి పౌష్టికపానీయముగా సోయాపాలను సీసాలలో నింపి అమ్మించెను. కాబట్టి ఈ పాల చరిత్రలో మతదీక్ష యొక పాయ, కరువు మరియొక పాయ.

మూడవ పాయ మన కెక్కువ దగ్గరిది. అది వేరుసెనగ. ఈ పంట దక్షిణ అమెరికాలో పుట్టి, ఐరోపావారి ఓడలమీద ప్రపంచమంతయు వ్యాపించి, మన రాయలసీమ మెట్టభూములలో స్థిరపడినది. అమెరికాలోని టస్కీగీ విద్యాలయమునందు జార్జి వాషింగ్టను కార్వరు అను నల్లజాతి శాస్త్రజ్ఞుడుండెను. ఆయన బానిస తల్లికి పుట్టినవాడు. ప్రత్తి వేసి వేసి సారము చచ్చిన భూములలో వేరుసెనగ వేయుడని రైతులకు బోధించి, ఆ పంటకు గిరాకి కలుగుటకై దానితో అనేక వస్తువులు చేసి చూపెను. 1919లో వేరుసెనగపాలు తీసెను. ఇట్టి పాలకు ఇంగ్లాండునందు అంతకుముందే హక్కుపత్రము పుచ్చుకొనబడినదని తరువాత తెలిసినది. 1921 జనవరిలో అమెరికా శాసనసభాసంఘము నెదుట నిలిచి ఆయన తన వేరుసెనగ వస్తువులను, పాలతో సహా, చూపించెను. మాటలాడుటకు మొదట పది నిమిషములే యిచ్చిరి. వినినకొలది వారే గడువు పెంచిరి.

ఇదే కాలమున మన దేశమందు మహాత్మాగాంధి ఈ ప్రశ్నతో తన శరీరము మీదనే పోరాడుచుండెను. 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయి క్షేత్రమున ఆయన పాలు విడిచిపెట్టెను. తరువాత గోవులను, గేదెలను పాలవారు పెట్టు హింస విని, ఆ విడుపు వ్రతముగా మారెను. 1918లో ఖేడా జిల్లాలో తిరుగుచున్నప్పుడు ఆయన ముఖ్యాహారము వేరుసెనగపప్పు నూరిన ముద్దయు, నిమ్మపండ్లును. ఆ సమయముననే తీవ్రమైన రక్తగ్రహణి పట్టి ప్రాణము మీదికి వచ్చెను. పాలు పుచ్చుకొననిదే దేహము కోలుకొనదని వైద్యుడు చెప్పెను. వ్రతము పట్టినప్పుడు నీ మనస్సులో నున్నవి ఆవు, గేదె మాత్రమే గదా, మేకపాలకు అడ్డేమని కస్తూరిబాయి అడిగెను. 1919 ఆరంభమున ఆయన మేకపాలు పుచ్చుకొనెను. వ్రతము యొక్క అక్షరము నిలిచెను గాని ఆత్మ పోయెనని ఆయనయే తన ఆత్మకథలో ఒప్పుకొనెను.

అంతటితో ఆయన వెదకుట మానలేదు. పాలకు బదులు వృక్షజాతిలో ఏమి గలదని వైద్యులను అడుగుచునే యుండెను. 1935లో వార్ధాయందు సోయా చిక్కుళ్ళను తన భోజనశాలలో పరీక్షించెను. చివరకు 1942లో ఆగాఖాను భవనమున బందీగా నుండి ఆరోగ్యమును గూర్చి వ్రాసిన పుస్తకమునందు, శాకాహారికి పాలును పాలతో చేసిన పదార్థములును అవసరమని తన అనుభవము చెప్పుచున్నదని వ్రాసెను. తనకు నచ్చని నిజమును గూడ నిజమని యొప్పుకొనుట మహాత్ముని గొప్ప.

ఆయన ప్రశ్నకు లెక్కలతో సమాధానము చెప్పు ప్రయత్నము నీలగిరులలోని కూనూరునందు జరిగినది. అచట మెకారిసను దొర ఎలుకలకు మన దేశపు వివిధ ప్రాంతములవారి భోజనము పెట్టి పరీక్షించెను. గోధుమరొట్టె, పప్పు, కూరలు, పాలు గల పంజాబు సిక్కుల భోజనముతో ఎలుకలు బలిసినవి. మరపట్టిన బియ్యమే ప్రధానమై పాలు దాదాపు లేని భోజనముతో కృశించినవి. 1937లో ఎక్రాయిడు దొర భారతీయాహార పదార్థముల పోషకవిలువల పట్టికను ప్రకటించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరుతో పనిచేయుచున్నది. గోపాలన్ గారి కాలమున అచ్చైన పట్టికలనుండి కొన్ని యంకెలు చెప్పెదను, మనసున పెట్టుకొనుడు.

నూరు గ్రాముల ఆవుపాలలో మాంసకృత్తులు 3.2 గ్రాములు, ఎముకలకు బలమిచ్చు కాల్షియము అను సున్నపు ధాతువు 120 మిల్లీగ్రాములు. గేదెపాలలో 4.3 గ్రాములు, 210 మిల్లీగ్రాములు. నూరు గ్రాముల ఎండు గింజలలో చూడగా, వేరుసెనగలో మాంసకృత్తులు 25.3, కాల్షియము 90. బాదములో 20.8, 230. జీడిపప్పులో 21.2, 50. నువ్వులలో 18.3, 1450. సోయాలో 43.2, 240.

ఈ యంకెలు వినగానే గింజలే గెలిచినవని తోచును. తొందరపడవలదు. గింజను ఎవ్వరును గింజగా త్రాగరు గదా, నీరు కలుపుదురు. నూరు గ్రాముల వేరుసెనగను రుబ్బి ఒక లీటరు పాలు తీసినచో, పిప్పిలో ఏమియు మిగులలేదనుకొన్నను, లీటరుకు 25 గ్రాముల మాంసకృత్తులే వచ్చును. లీటరు ఆవుపాలలో 32 గ్రాములు గలవు. బజారులో అమ్ము బాదముపాలలో పెక్కింటియందు బాదము నూటికి రెండు మూడు పాళ్ళకు మించదు. రెండు పాళ్ళ లెక్కను చూచినచో, 200 మిల్లీలీటర్ల గ్లాసులో నున్నవి నాలుగు గ్రాముల బాదములు, అనగా మూడు నాలుగు గింజలు. వానిలోని మాంసకృత్తులు ఒక గ్రాము కూడ లేవు. ఆ మూడు గింజలను నమిలి ఒక గ్లాసు మంచినీరు త్రాగినను ఫలమొక్కటే; ధరలో మాత్రము భేదము!

నీరు చేర్చని చిక్కని కొబ్బరిపాలలో మాంసకృత్తులు 3.4 గ్రాములుండగా క్రొవ్వు 41 గ్రాములు, కాల్షియము 15 మిల్లీగ్రాములు మాత్రమే. అది నెయ్యికి దగ్గరి చుట్టము, పాలకు దూరపు బంధువు. నువ్వులలో కాల్షియము మెండే. కాని అందు చాల భాగము పైపొట్టులో నుండి, ఆగ్జాలిక ఆమ్లముతో ముడిపడియుండుటచే మన దేహమునకు పూర్తిగా అందదు. పొట్టు తీసి, వడకట్టి, పిప్పి పారవేసినచో మరికొంత పోవును.

మాంసకృత్తులన్నియు ఒక్కటే జాతి కావు. వేరుసెనగలోను, బాదములోను, నువ్వులలోను లైసీను అను అంశము తక్కువ. సోయాలో అది సమృద్ధిగా నున్నది. అందుచే గింజల పాలన్నింటిలో ఆవుపాలకు చేరువగా వచ్చునది సోయాపాలే. సరిగా తీసినచో అందు నూటికి సుమారు మూడు పాళ్ళు మాంసకృత్తులుండును. కాల్షియము, విటమినులు చేర్చిన సోయాపాలను మాత్రమే అమెరికా ప్రభుత్వము 2020లో ప్రకటించిన ఆహారసూచనలలో పాలవర్గమున చేర్చినది. బాదము మొదలగువానిని చేర్చలేదు. ఇక 1948లో వేరుచేయబడిన బి-12 విటమిను ఏ గింజలోను లేదు. దానిని వేరుగా చేర్చిననే తప్ప గింజల పాలలో అది కానరాదు.

మన దేశమున పాలకొరతను తీర్చుటకు వేరుసెనగను వినియోగించు యత్నము 1950లో మైసూరునందు స్థాపింపబడిన కేంద్రీయ ఆహార పరిశోధనాలయమున జరిగినది. అచ్చటివారు వేరుసెనగనుండి మాంసకృత్తులను వేరుచేసి, వానిని గేదెపాలతో కలిపి, మిల్టోను అను పానీయమును తయారుచేసిరి. వారు గింజను పాలకు శత్రువుగా నిలుపలేదు. ఉన్న కొద్దిపాలు ఎక్కువమందికి చాలునట్లు పాలకు తోడుగా నిలిపిరి. ఇది వివేకము గల మార్గము.

వేరుసెనగను గూర్చి యొక హెచ్చరిక. 1960లో ఇంగ్లాండునందు లక్షకు పైగా సీమకోళ్ళు అకస్మాత్తుగా చచ్చినవి. విచారింపగా, వానికి పెట్టిన వేరుసెనగపిండిలో బూజువలన పుట్టిన విషము కనబడినది. దానికి ఆఫ్లటాక్సిను అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెరచును. కాచినను, వేయించినను పూర్తిగా పోదు. కాబట్టి తడిసిన, బూజు పట్టిన, రంగు మారిన, ముడుచుకొనిపోయిన పప్పును ఏరి పారవేయవలయును గాని, ఎట్లును రుబ్బునదే గదాయని అట్టివానిని పాలకు వినియోగింపరాదు.

ఇప్పుడు ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాను. మరల పట్టిక చూడుడు. తల్లిపాలలో మాంసకృత్తులు నూటికి 1.1 మాత్రమే, కాల్షియము 28 మిల్లీగ్రాములే. అంకెలనే నమ్మినచో తల్లిపాలు అన్నింటికంటె నీరసమని చెప్పవలసివచ్చును. కాని పసిబిడ్డకు దానికి సాటియగు ఆహారము లోకములో లేదు. ఏలయన ఆహారము మంచిదా చెడ్డదా యని యడుగుటకు ముందు, ఎవరికి అని యడుగవలయును. ఎదిగినవాడు పూటకు పది పదార్థములు తినును. ఒకదానిలోని లోటును మరియొకటి పూడ్చును. పసిబిడ్డకు పాలే అన్నము, పాలే కూర, పాలే పండు. అందు లోటున్నచో పూడ్చునది మరి లేదు.

1933లో ఆఫ్రికాయందలి గోల్డుకోస్టు, అనగా నేటి ఘానా దేశమున, సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు ఒక వ్యాధిని వర్ణించెను. తరువాతి బిడ్డ పుట్టుటచే తల్లిపాలు మాన్పింపబడి, మొక్కజొన్న జావ మీద పెరుగు పిల్లలకు కాళ్ళు వాచి, వెంట్రుకలు రంగు మారి, చర్మము పొరలు లేచి, ప్రాణము పోవుచుండెను. ఆ దేశపు భాషలోని క్వాషియోర్కరు అను పేరునే ఆమె వైద్యగ్రంథములకెక్కించెను. ఆ జావయు తెల్లగానే యుండెను. కడుపు నిండెను, బిడ్డ క్షీణించెను. ఇది పేదదేశముల వ్యాధి యని అనుకొనవలదు. 2001లో సంపన్నమగు అమెరికాలో, బియ్యపు పానీయమును పాలకు బదులుగా త్రాగించిన శిశువునకు ఇదే వ్యాధి వచ్చినట్లు వైద్యులు ప్రకటించిరి. 2016లో స్పెయినుదేశమున బాదముపానీయము మీద పెంచబడిన పదునొకండు నెలల బిడ్డకు స్కర్వీ వ్యాధి వచ్చి, ఎముకలు దెబ్బతిన్నట్లు ప్రకటింపబడినది. ఆ తలిదండ్రులు పేదలు కారు, నిర్లక్ష్యము గలవారును కారు. తెల్లదనమును, పాలను పేరును నమ్మిరి. ఇందుచేతనేమో, ఐరోపా న్యాయస్థానము 2017లో పశువులనుండి వచ్చినదానికే సాధారణముగా పాలను పేరు చెల్లునని, కొన్ని వాడుక పేరులకు మాత్రము మినహాయింపు గలదని తీర్పు చెప్పినది.

కాబట్టి పెద్దలారా, మన యిండ్లలో పాటింపదగినవి కొన్ని చెప్పి ముగించెదను. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలే. మరి నీరు కూడ అక్కరలేదు. పిదప మెత్తని యన్నము, పప్పు మొదలగువానితోపాటు తల్లిపాలు రెండేండ్ల వరకును సాగవచ్చును. తల్లిపాలు చాలనప్పుడు వైద్యుని యడుగవలయునే గాని, ఏ గింజపాలను గాని, జావను గాని పాలకు బదులుగా పట్టరాదు. పాలు అరుగని పెద్దలు మనలో చాలమంది గలరు. వారికి పెరుగు, మజ్జిగ తరచుగా సరిపడును. అవియు పడనివారు బాగుగా కాచిన సోయాపాలు పుచ్చుకొనవచ్చును. బడికి పోవు పిల్లలకు, పనిపాటలవారికి వేరుసెనగపాలు మంచి చిరుతిండి. పిప్పిని పారవేయక పచ్చడిలోనో పిండివంటలోనో వాడుకొనుడు, సారము కొంత అందున్నది. నువ్వులు పాలుగా కంటె ఉండగా తినుటయే మేలు. వేరుసెనగ, జీడిపప్పు, సోయా కొందరి దేహమునకు పడవు. దద్దురులు గాని, ఆయాసము గాని కనబడినచో వెంటనే మానవలయును.

ద్రోణుని కుమారునకు పిండినీరు పట్టినవారు తోడి పిల్లలు, వారికి తెలియదు. ద్రోణుడు పేదవాడైనను తెలిసినవాడు గనుక ఆ గిన్నెను చూచి దుఃఖించెను. నేడు మన మనుమల చేతిలోని గిన్నెలో నున్నదేమో తెలిసికొనుట మన వంతు. అది ఎదిగినవానికి ఉపాహారమైనచో త్రాగనిండు. పసిబిడ్డకు ప్రాణాధారమైనచో మాత్రము, ఒక్క క్షణమాగి, ఇవి ఎవరి పాలు అని యడుగుడు.